రాక్షసుడు పడిన తీరు

యసునొరి చేతిలో మంగలికత్తి ఉన్నప్పుడు అతనితో వాదించకూడదని ఆ బజారులో అందరికీ తెలుసు. అందుకే కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం నిండా నురగతో పడుకున్న కితానొ తాత నోరెత్తకుండా వింటున్నాడు. ఆయన ఒకప్పుడు సిటీ బస్సు నడిపిన మనిషి. వెనకాల ఎంత గోల జరుగుతున్నా ముందుకే చూడటం ఆయనకు అలవాటు.

"చచ్చేవాడెవడో ముందే తెలుసు. బతికేవాడెవడో ముందే తెలుసు. మళ్ళీ దానికి ముందు కథంటూ ఓ సినిమాట! ఇంటికొచ్చిన చుట్టాన్ని పట్టుకుని, నువ్వు బయల్దేరేముందు ఏం తిన్నావని అడిగినట్టుంది. ఎవడడిగాడు తాతా వీళ్ళని?"

"ఊఁ," అన్నాడు తాత.

"పైగా అన్నయ్య వేషం ఎవడికిచ్చారో తెలుసా? గుంపుగా నిలబడి పాటలు పాడే కుర్రాళ్ళు లేరూ, అందులో ఒకడికి. కనుబొమలు గీయించుకున్నాడు వెధవ. డైరెక్టరేమో నిన్నటిదాకా షాంపూ ప్రకటనలు తీసుకునేవాడు. గాల్లో జుట్టు ఎగరేయడం తప్ప వాడికేం వచ్చు?"

"కత్తి, కత్తి," అని పక్క కుర్చీ దగ్గర నుంచి సచియో హెచ్చరించింది. యసునొరి భార్య ఆవిడ. ఆడవాళ్ళ ముఖాల మీది నూగు తీయడం ఆవిడ పని. "సినిమా మీద కోపం తాతగారి గొంతు మీద చూపించకు."

"నేను కోపంగా లేను."

"అంత చెత్తయితే చూడ్డం మానెయ్యి. అది విడుదలయ్యే శుక్రవారం పూట కొట్టు మూసుకుని పరిగెత్తడం ఎందుకూ?"

"చూడకుండా తిట్టడం తప్పు కదా. చూసి తిట్టాలి."

"మరి ఆరు నెలల నుంచీ నువ్వు చేస్తున్నదేమిటయ్యా?"

యసునొరి వేడి తువ్వాలు తీసి తాత ముఖం మీద కప్పాడు. తాత ఇంకోసారి ఊఁ అన్నాడుగానీ అది తువ్వాల్లోనే ఉండిపోయింది.

ఈ గోలంతా అకామొజు గురించి. అకామొజు టీవీలో వచ్చిన వీరుడు. ఎర్ర పిట్ట ముఖం ఉన్న ముసుగు, మెడలో తెల్ల రుమాలు, వారానికో రాక్షసుడు. యసునొరికి ఆరేళ్ళప్పుడు మొదలై, ఏడాది నడిచి ఆగిపోయింది. మామూలు పిల్లలైతే ఆ తరవాత బేస్‌బాల్‌లో పడ్డారు, పెద్దయ్యాక పెళ్ళిళ్ళలో పడ్డారు, అకామొజును మరిచిపోయారు. యసునొరి కూడా పెళ్ళిలో పడ్డాడుగానీ మరవలేదు. ఇప్పుడతనికి యాభై ఏడేళ్ళు. తండ్రి వదిలి వెళ్ళిన ఈ అమగసాకి ఊరి దుకాణంలో అద్దానికి ఒక పక్క మంగలి లైసెన్సు, ఇంకో పక్క ఎర్ర ముసుగు వేలాడుతుంటాయి. ఆ ముసుగును చూసి ఏడ్చిన చంటిపిల్లలున్నారు. వాళ్ళ తల్లులు వేరే దుకాణం వెతుక్కున్నారు. సచియో ఎన్నిసార్లు చెప్పినా ఆయన దాన్ని తీయలేదు.

ఆ పాత సీరియల్లో అకామొజు తన అన్న గురించి ఒకే ఒక్కసారి చెప్పాడు. "అన్నయ్య ఈ ముసుగు నాకిచ్చి వెళ్ళాడు" అని. అంతే. ఎవరా అన్నయ్య, ఎక్కడికి వెళ్ళాడు, ఎందుకు వెళ్ళాడు? యాభై ఏళ్ళుగా అభిమానులు ఆ ఒక్క మాట పట్టుకుని కొట్టుకు చస్తున్నారు. ఇప్పుడు కంపెనీవాళ్ళు సరిగ్గా దాని మీదే చెయ్యి వేసి, అన్నయ్య కథంటూ సినిమా తీశారు. ఇదివరకు అకామొజు పేరు మీద మూడు కొత్త సినిమాలు తీసి మూడింటినీ తగలేసినవాళ్ళు వీళ్ళే. ఒకదాంట్లోనైతే అకామొజు చేత మోటార్ సైకిల్ మీద ప్రేమ పాట పాడించారు. ఆ రోజు రాత్రి యసునొరి అన్నం తినలేదు.

ఆ మూడు సినిమాలకూ యసునొరి ఒంటరిగా వెళ్ళలేదు. కత్సుమితో వెళ్ళాడు. ఇద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ స్నేహం. ఇప్పటికీ ఒకరినొకరు చిన్నపిల్లల్లా యచ్చన్, కచ్చన్ అనే పిలుచుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే ఎవరూ కదలరు. ఆఖరి పేరు వెళ్ళిపోయి, లైట్లు వెలిగేదాకా చీకట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అది మర్యాద. వీళ్ళిద్దరూ ఆ మర్యాదనే తీర్పుగా మార్చుకున్నారు. సినిమా నచ్చకపోతే మొదటి పేరు పడగానే లేచి బయటికి వెళ్ళిపోవడమే. మూడుసార్లూ అలాగే ఇద్దరూ కలిసి లేచారు. మూడోసారి వీళ్ళను చూసి వెనక వరసల్లో వాళ్ళు కూడా లేచారు. ఆ చుట్టుపక్కల అకామొజు అభిమానుల్లో యసునొరి లేచాడంటే ఇక ఆ సినిమాకు నీళ్ళు వదులుకోవాల్సిందే.

కత్సుమిది పచ్చళ్ళ కొట్టు. మంగలి దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే తవుడులో ఊరిన ముల్లంగి వాసన ఇటు రావడం, ఇటు నుంచి తలనూనె వాసన అటు పోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ ఫిబ్రవరి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

జరిగింది ఇదీ. ఒక సినిమా పత్రికలో ఈ కొత్త సినిమా రచయిత మాట్లాడుతూ, అమగసాకి బజారులో పచ్చళ్ళమ్మే కత్సుమి అనే పెద్దమనిషి తనకు చాలా విషయాలు చెప్పాడనీ, ఆయనతో కూర్చోకపోతే కథ దొరికేదే కాదనీ అన్నాడు. ఆ ముక్క కితానొ తాత చదివి, కుర్చీలో కూర్చుని, అమాయకంగా బయటపెట్టాడు. యసునొరి సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి రోడ్డు దాటాడు.

"వాళ్ళు నీ కొట్టుకొచ్చారా?"

"వచ్చారు."

"నువ్వు మాట్లాడావా?"

"మాట్లాడాను. మర్యాదగా అడిగారు, చెప్పాను."

"నాతో ఒక్క ముక్క అనలేదేం? ఆ మూడు సినిమాలూ తగలేసిన కంపెనీకి సలహాలిస్తావా? సిగ్గులేదట్రా! రెండు పొగడ్తలకు అమ్ముడుపోయావు."

కత్సుమి నిదానస్తుడు, భారీ మనిషి. కోపం అంత తొందరగా రాదు. కానీ ఆ రోజు కొట్టు నిండా కొనేవాళ్ళున్నారు. "చూడకముందే తిట్టడం నీకు చిన్నప్పటి నుంచీ జబ్బు. చూసి మాట్లాడు," అన్నాడు.

"చూడాల్సిన పని లేదు. నువ్వు చెయ్యి పెట్టావంటేనే తెలుస్తోంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాడు. ఆ తరవాత ఇంట్లో అకామొజు కంటే పచ్చళ్ళ గొడవ పెద్దదైంది. కత్సుమి కొట్టు పచ్చడి తేకూడదని యసునొరి పంతం పట్టాడు. సచియో సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ సంచుల్లో దొరికే ముల్లంగి తెచ్చి పెట్టింది. అది పసుపు రంగు వేసిన చెక్కలా ఉంది. యసునొరి నోరు మూసుకుని నమిలాడు. సచియో కూడా నమిలింది. ఆ ముసుగూ ఆ పంతమూ రెండూ తన మెడకే చుట్టుకున్నాయని ఆవిడ చుట్టుపక్కల ఆడవాళ్ళందరి దగ్గరా మొత్తుకుంది.

శుక్రవారం వచ్చింది. యసునొరి మొదటి ఆటకే వెళ్ళాడు. గుమ్మం దగ్గర అమ్మాయి వచ్చినవాళ్ళందరికీ అంటించిన కవర్లో బొమ్మ కార్డొకటి కానుకగా ఇస్తోంది. "నాకక్కర్లేదమ్మా" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, ఎవరైనా పిల్లలకిస్తానని తీసుకుని లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ కూర్చునే వరస వదిలేసి, గోడ పక్క సీటు చూసుకున్నాడు. లైట్లు ఆరే ముందు ఒకసారి హాలంతా కలయజూశాడు. కత్సుమి కనిపించలేదు. రాలేదన్నమాట, ముఖం చెల్లక రాలేదని తృప్తి పడదామనుకున్నాడుగానీ ఆ తృప్తి సరిగ్గా అంటుకోలేదు.

సినిమా మొదలైంది. రేవు పక్క రేకుల ఇల్లు, తల్లిదండ్రుల్లేని అన్నదమ్ములు. ట్రామ్ రంగు తప్పు. ఆ రోజుల్లో ఆ ఊరి ట్రామ్ పచ్చగా ఉండేది కాదు. యసునొరికి ప్రాణం లేచొచ్చింది. మొదటి తప్పు దొరికింది, ఇంకెన్ని దొరుకుతాయో అని ముందుకు వంగి కూర్చున్నాడు.

దొరకలేదు. అదే ఆయన ఖర్మ. ఆ కనుబొమల కుర్రాడు బాగా చేస్తున్నాడు. పాడటం లేదు, పళ్ళు చూపించడం లేదు, ఆకలేసిన మనిషిలా అన్నం తింటున్నాడు. షాంపూ డైరెక్టరు ఒక్క వెంట్రుకను కూడా గాల్లో ఎగరేయలేదు. భయస్తుడైన తమ్ముడి కోసం అన్న చేపల పెట్టె అట్ట కత్తిరించి ముసుగు చేసిస్తాడు. రోజూ తమ్ముడే వీరుడు, అన్నే రాక్షసుడు. దెబ్బ తగలగానే అన్న ఒక చెయ్యి పైకెత్తి, గుండ్రంగా తిరిగి, ఒక కాలు గాల్లో తన్నుకుంటూ పడతాడు. చచ్చిపోతాడు. చచ్చాక ఒక్కసారి తలెత్తి, తమ్ముడు నవ్వాడో లేదో చూసి, మళ్ళీ తల వాల్చేస్తాడు. తమ్ముడు పగలబడి నవ్వుతాడు.

"ఎందుకురా ఇంత బాగా తీశారు," అని యసునొరి పళ్ళు నూరుకున్నాడు. ఆరు నెలలుగా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఏం చేసుకోవాలి? కితానొ తాతకు ఏం చెప్పాలి? ఒళ్ళు మండిపోయింది. మండిపోతూనే తెర మీద నుంచి చూపు తిప్పలేకపోయాడు.

ఆఖరికి శత్రువులు తమ్ముణ్ణి తీసుకుపోయి రాక్షసుడిగా మార్చబోతే, అన్న అడ్డం వెళ్ళి తనే ఆ రాక్షసుడి తోలు తొడుక్కుంటాడు. అట్టది కాకుండా అసలు ఎర్ర ముసుగు తమ్ముడికి దక్కుతుంది. అకామొజు మొట్టమొదట పోరాడాల్సిన రాక్షసుడు ఎవరో తమ్ముడికి తెలియదు. కొడతాడు. ఆ పొలుసుల రాక్షసుడు ఒక చెయ్యి పైకెత్తి, గుండ్రంగా తిరిగి, ఒక కాలు గాల్లో తన్నుకుంటూ పడతాడు. పడ్డాక ఒక్కసారి తలెత్తి చూస్తాడు. తమ్ముడికి అప్పుడు అర్థమవుతుంది. ముసుగు తీసేసి, ఏడుస్తూ, నవ్వడానికి ప్రయత్నిస్తాడు. రాక్షసుడు తల వాల్చేస్తాడు.

యసునొరి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది తనదేనని ఆయనకు ఒక క్షణం తెలియలేదు. రుమాలు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ముక్కు కారింది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. వెనకాల బజారు కుర్రాళ్ళున్నారు, పక్క ఊరి అభిమానులున్నారు. ఇంకాసేపట్లో లైట్లు వేస్తారు. మొదటి పేరు తెర మీదికి రాగానే లేచి, నడుం సగానికి వంచుకుని, గోడ పక్కన ఒకటే పరుగు. ఎవరి ముఖమూ చూడకుండా మరుగుదొడ్డిలోకి దూరి, కుళాయి తిప్పి, ముఖం కడుక్కుంటూ మళ్ళీ ఏడ్చాడు.

ఇంటికొచ్చాక సచియో ఎలా ఉందని అడిగితే, "ట్రామ్ రంగు తప్పు," అన్నాడు. ఆవిడ అడగడం మానేసి తువ్వాళ్ళు మడతపెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వంటనూనె కొనడానికి వెళ్ళి వచ్చేసరికి, దుకాణంలో తువ్వాళ్ళు వేడిచేసే పెట్టె పక్కన పెద్ద అట్టపెట్టె ఉంది. తెరిచి చూశాడు. అకామొజు కార్డులు, రేకు బొమ్మలు, బిస్కట్ల డబ్బాల మూతలు. ఇద్దరూ కలిసి చిన్నప్పటి నుంచీ పోగుచేసినవి. యసునొరి ఇల్లు ఇరుకని అవి కత్సుమి ఇంటి అటక మీదే ఉండేవి.

"కచ్చన్ తెచ్చిచ్చాడు," అంది సచియో. ముఖం మాడ్చుకుని ఉంది. "'యచ్చన్ లేచి వెళ్ళిపోయాడు వదినా. ఇక ఇవి నా దగ్గరెందుకు' అన్నాడు. కాఫీ తాగమంటే వద్దన్నాడు. అంత లావు మనిషి అంత చిన్నగా నడిచి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు."

"వాడు ఎక్కడున్నాడు? హాల్లో లేడే!"

"లైట్లు ఆరాక వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడట. నువ్వు లేవడం చూశాడట."

యసునొరి చేతిలోని నూనె సీసా బల్ల మీద పెట్టాడు. "నేను నచ్చక లేవలేదు."

"మరి?"

"ముక్కు కారింది."

సచియో ఆయన ముఖంలోకి పట్టి చూసింది. "ఏడ్చావా?"

ఆయన నూనె సీసా మూత బిగించడం మొదలెట్టాడు.

"ఏడ్చావన్నమాట. బాగుందన్నమాట! ఆరు నెలలుగా నా బుర్ర తిని, నా చేత ఆ చెక్క ముల్లంగి తినిపించి, తీరా చూస్తే సినిమా బాగుందా? నీతో కాపురం చేస్తున్నందుకు నాకు ఇవ్వాలయ్యా ఆ కార్డులూ కానుకలూ! ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పోయి చెప్పు."

"ఏమని చెప్పను?"

"బాగుందని. నోరు పడిపోతుందా?"

పడిపోయేలాగే ఉంది. పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, తల దువ్వుకుని, మళ్ళీ వెళ్ళాడు. ఎదురుగా ఉన్న కొట్టుకు చేరడానికి అంతసేపు పట్టిన మనిషిని ఆ బజారు ఎప్పుడూ చూసి ఉండదు. కూరగాయలవాడు పని ఆపి మరీ చూశాడు.

కత్సుమి తవుడు తొట్టిలో మోచేతుల దాకా ముంచి దోసకాయలు కలుపుతున్నాడు. తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

"రండి. ఏం కావాలండీ?"

ఆ 'అండీ' యసునొరికి ఎక్కడో తగిలింది. యాభై ఏళ్ళలో వాడు తనను 'అండీ' అనలేదు.

"దోసకాయలు."

"సూపర్ మార్కెట్లో అయిపోయాయాండీ?"

"కచ్చన్, ఒరేయ్..." అని పెట్టె కింద పెట్టాడు. "ట్రామ్ రంగు తప్పు."

"తెలుసు. చెప్పాను వాళ్ళకి. వినలేదు. ఇంకా?"

"మధ్యలో ఆ వాన అనవసరం."

"ఇంకా?"

"బాగుంది."

"ఏంటండీ?"

"బాగుందిరా! చెవుడా నీకు? ఒళ్ళు మండేంత బాగుంది. ఎక్కడ తిట్టాలో తెలీలేదు. ఏడుపొచ్చి లేచాను, నచ్చక కాదు. ఆ రాక్షసుడు పడి, చచ్చి, మళ్ళీ తలెత్తి చూస్తాడే, అక్కడ. చాలా? ఇంకా వంగి దణ్ణం పెట్టమంటావా?"

కత్సుమి చేతులు తొట్టిలో ఆగిపోయాయి. "అక్కడ ఏడ్చావా?"

"అవున్రా."

"ఎవరు పడినట్టుంది, యచ్చన్?"

"ఎవరేంటి? ఆ తోలు లోపల ఎవడో ఉంటాడుగా, వాడు. బాగా పడ్డాడు. ప్రాణం పెట్టి పడ్డాడు."

"ప్రాణం పెట్టాడు. నిజమే. కొట్టు మూశాక ఇక్కడికొచ్చి, ఈ తొట్ల మధ్య రాత్రంతా పడ్డాడు పాపం. నేను పడి చూపిస్తే నేర్చుకున్నాడు. ఈ ఒంటితో పడ్డాన్రా, నెల రోజులు నడుం పట్టేసింది. చెయ్యి పైకెత్తి, గుండ్రంగా తిరిగి, కాలు తన్నుకుని. మనం ఆడుకున్న కర్రల అడితిలో, రంపపు పొట్టులో, రోజూ అలా పడిందెవరు? ఆ రచయిత వచ్చి మీ చిన్నప్పటి సంగతులు చెప్పమంటే నాకున్నది అదొక్కటే. నన్ను ఒక్కనాడు కూడా రాక్షసుణ్ణి కానివ్వని ఒక కుర్రాడున్నాడని చెప్పాను."

యసునొరి తనలాగే పడ్డ మనిషిని తెర మీద చూసి, ఎవరో పరాయివాడి కోసం ఏడ్చినట్టు ఏడ్చి వచ్చాడు.

"ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని కసిరాడు. కోపం కాదది, ఇంకేం చెయ్యాలో తెలియక.

"చెబితే తీయించెయ్యమని గొడవ చేస్తావు. నువ్వే చూసి పోల్చుకుంటావనుకున్నాను. తెర చూడకుండా ఆఖరి వరస నుంచి నీ తల వెనకాలే చూస్తూ కూర్చున్నాను. నువ్వేమో లేచి వెళ్ళిపోయావు."

కొట్టు ముందు ఎవరో ఆగి, వీళ్ళ ముఖాలు చూసి, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు. యసునొరి పెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె మూల ఒకటి నలిగింది. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

"అయినా అది తప్పుగా తీశారు," అన్నాడు చివరికి.

"మళ్ళీ మొదలెట్టావా!"

"తలెత్తడం తప్పు. వాళ్ళు తమ్ముడు నవ్వాడో లేదో చూడ్డానికన్నట్టు పెట్టారు. నేనేం నీ నవ్వు కోసం చూడలేదురా. అంత మంచివాణ్ణేం కాదు నేను. గెలవకపోతే ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాడివి, అందుకే పడేవాణ్ణి. గెలిస్తే ఇంకా దారుణం, మీ అమ్మకు చెప్పాలని ఒకటే పరుగు తీసేవాడివి. నేను పొట్టులో కళ్ళు మూసుకుని చచ్చి పడుండేవాణ్ణి. ఎంతసేపటికీ నీ అలికిడి వినబడేది కాదు." యసునొరి ముక్కు ఎగబీల్చాడు. "అందుకని తలెత్తేవాణ్ణి. ఉన్నావో, వెళ్ళిపోయావో చూసుకోవడానికి."

కత్సుమి తొట్టిలోంచి చేతులు తీసి, తవుడు కూడా కడుక్కోకుండా వచ్చి ఆయన పక్కన, ఆ పెట్టె మీదే, బరువుగా కూర్చున్నాడు.

"ఉన్నాన్లేరా," అన్నాడు.